ముందు పెరడు, తర్వాతే గోడ: కోనసీమలో ఒక మండువా లోగిలి మరమ్మతు

"ఎన్నిసార్లు పూసినా ఈ గోడ రాలిపోతోందండీ, గట్టి వాటర్‌ప్రూఫింగ్ పూత ఏదైనా ఉంటే చెప్పండి." మరమ్మతుకు పిలిచి మమ్మల్ని ఇంటివాళ్లు మొదట అడిగింది ఇదొక్కటే. ఈ ఇంట్లో గోడలకు అసలు పూత పడింది పని మొదలైన పద్నాలుగో నెలలో. అంతకు ముందు జరిగిందంతా పెరట్లో మట్టి తీయడం, నీళ్లు మళ్లించడం, పెంకులు దింపి మళ్లీ ఎక్కించడం. గోడ జబ్బుకి మూలం పెరట్లో ఉన్నప్పుడు గోడకి మందు రాస్తే ఏమవుతుందో ఆ ఇంటి గోడలు ముప్పై ఏళ్లుగా చూపిస్తూనే ఉన్నాయి.

ఇల్లు ఏమిటి, ఎలా ఉంది

గోదావరి డెల్టాలో ఒక పల్లెటూరి వీధి. 30 సెంట్ల స్థలంలో దక్షిణ ముఖంగా 60 అడుగులకు 48 అడుగుల పెంకుటిల్లు. మధ్యలో 12కి 10 అడుగుల మండువా (ఆకాశానికి తెరిచి ఉన్న నడిమి వాకిలి), నాలుగు వైపులా లోపలికి వాలిన చూర్లు, ఎనిమిది చెక్క స్తంభాలు, స్తంభాల కింద రాతి దిమ్మలు. గోడల మందం 18 అంగుళాలు. ఇటుకని బంకమట్టి అడుసుతో కట్టి, పైన సున్నం పూశారు. దూలాలు టేకు, వాసాలు తాటివి. వయసు తొంభై ఏళ్లు దాటింది. ఇంట్లో ఏడాది పొడుగునా ఉండేది పెద్దావిడ ఒక్కరే. కొడుకులు, కూతుళ్లు సంక్రాంతికి, వేసవి సెలవులకు వస్తారు.

ఇంటి వెనకా, పడమర పక్కనా పెరడు. పద్నాలుగు కొబ్బరి చెట్లు, రెండు మామిడి (అందులో ఒకటి కొత్తపల్లి కొబ్బరి రకం), పనస, సపోటా, ఉసిరి, చక్కరకేళి అరటి పిలకలు, నూతి దగ్గర కరివేపాకు, పడకగది గోడకు ఆనించి మల్లె పందిరి. వెనక హద్దు వెంట పొలాల మురుగు బోదె.

కనిపించిన లక్షణాలు ఇవి. పడమటి గదుల్లో, వంటింట్లో చెమ్మ నేల నుంచి 4 అడుగుల 7 అంగుళాల ఎత్తుకు ఎక్కింది. ఆ గీత పైన తెల్లగా ఉప్పు పొంగి, దాని కింద సిమెంటు పూత పలకలు పలకలుగా ఊడుతోంది. పెరటి గుమ్మం ద్వారబంధానికి కింది 8 అంగుళాలు చెదలు తినేసి, రంగు పొర మాత్రం మిగిలింది. మండువా నైరుతి మూలలో, రెండు లోపలి చూర్లు కలిసే చోట, కప్పు మూడంగుళాలు కుంగింది. వానాకాలంలో మండువాలో పడ్డ నీరు పోవడానికి పూట పడుతోంది.

గతంలో ఏం చేశారో కనుక్కోవడం పరీక్షలో సగం పని. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కప్పు హడావిడిగా వేయించారు, దొరికిన పెంకులన్నీ కలిపి. ఆ తర్వాత గోడలకు లోపలా బయటా నాలుగడుగుల ఎత్తున సిమెంటు ప్లాస్టరింగు చేయించారు. అది పొంగితే దాని మీద మరో పొర వేసి రసాయన పూత వేయించారు. పాత గచ్చు చల్లగా, జిడ్డుగా ఉందని దాని మీద విట్రిఫైడ్ టైల్స్ పరిపించారు. ఇంతకు ముందు చెమ్మ "మోకాలి దాకా" ఉండేదట. ప్రతి మరమ్మతుకీ అది ఒక మెట్టు పైకెక్కింది.

కారణం చెప్పడం తేలికే. మట్టి అడుసు, మెత్తటి ఇటుక, సున్నం కలిసిన గోడ నేల నుంచి చెమ్మ పీల్చుకుని రెండు ముఖాల నుంచీ ఆరబెట్టుకుంటుంది. ముఖానికి సిమెంటు వేస్తే చెమ్మకు దారి మూసుకుపోయి, ఆరే చోటు దొరికేదాకా పైకి పాకుతుంది. నేల మీద టైల్స్ వేస్తే నేలలోంచి ఆవిరయ్యే చెమ్మ కూడా గోడ దారే పడుతుంది. నీటితో వచ్చిన ఉప్పు, నీరు ఆవిరైన చోట స్ఫటికం కడుతుంది. సిమెంటు వెనక కట్టినప్పుడు ఆ స్ఫటికాలు మెత్తటి ఇటుకనే పిండి చేస్తాయి. పూత ఊడిపడినప్పుడు వెనక ఎర్ర పొడి రాలడం అందుకే.

నీటిమట్టం పైపు చెప్పిన సంగతి

ఖరీదైన పరికరాలు ఏవీ అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి పైపు, టేపు, పెన్సిలు చాలు. మండువా నేలను సున్నాగా పెట్టుకుని అన్ని మట్టాలూ తీశాం.

ఇంటి లోపలి నేల: +10 అంగుళాలు.
వీధి అరుగు: +7.
సిమెంటు రోడ్డు: +4.
వెనక గోడ దగ్గర పెరటి మట్టి: +6.
మండువా తూము నోరు: −3.
ఆ తూము వెనక వైపు తెరుచుకోవలసిన చోటు: −7.

ఈ ఆరు అంకెల్లోనే కేసంతా ఉంది. ఒకప్పుడు వీధి నుంచి మూడు మెట్లెక్కి అరుగు మీదికి వచ్చేవారు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే ఇప్పుడు మిగిలింది మూడంగుళాల మెట్టు. వెనక వైపు పరిస్థితి ఇంకా ఘోరం. తూము బయటి నోరు 13 అంగుళాల మట్టి కింద ఉంది. గునపంతో తవ్వితే పెరటి గుమ్మానికి ఉన్న రెండు రాతిమెట్లు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. పశువుల పాక తీసేసిన మట్టి, పాత దడి పడగొట్టిన మట్టి, ఏటా ఊడ్చి గోడవారకి తోసిన ఆకూ అలమూ అన్నీ కలిసి ముప్పై నలభై ఏళ్లలో పెరడు అడుగుకి పైగా లేచింది. ఎవరూ పెంచుదామని పెంచలేదు.

లోపలికి వాలే కప్పూ, మండువా కలిపి సుమారు 1,100 చదరపు అడుగులు, అంటే వంద చదరపు మీటర్లు. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు మండువాలోకి దిగుతాయి. నోరు పూడిన తూములోకి వెళ్లిన ఆ నీరు మట్టి గొట్టాల అతుకుల్లోంచి ఇంటి నేల కిందికే ఇంకేది. కొన్నేళ్లుగా ఈ ఇల్లు తన వాన తానే తాగుతోంది.

దీనికి తోడు కొబ్బరి పాదులు. గోడకు ఎనిమిది అడుగుల లోపు ఉన్న మూడు చెట్లకు గుండ్రంగా పాదులు చేసి, ఎండాకాలం గొట్టం వదిలేసేవారు. ఆరడుగుల వ్యాసార్ధం పాదు అంటే దాని అంచు గోడకు రెండడుగుల దూరం. కొబ్బరి వేళ్లు పీచువేళ్లు, రావి వేళ్లలా గోడను చీల్చవు. గోడకు చేటు చేసింది పాదులో నిలిచిన నీరు.

డెల్టాలో ఇంకో జాగ్రత్త ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడి భూమిలో నీటిమట్టం కాలువల లెక్కన నడుస్తోంది. కాలువలు కట్టేసిన వేసవిలో గోడ చూసి "పొడిగానే ఉందే" అనుకుంటే మోసపోతాం. సార్వా (వానాకాలపు వరి) నీరు పారుతున్నప్పుడు, కాలువలు కట్టేసినప్పుడు, రెండుసార్లూ చూడాలి. రెండు కాలాలకీ తేడా రాకపోతే చెమ్మ నేలలోంచి కాదు, కప్పు నుంచో గొట్టం నుంచో వస్తోందని అనుమానించాలి. ఈ ఇంట్లో తేడా గోడ గోడకీ వేరుగా ఉంది. వీధి గోడలో జానెడు, పడమటి గోడలో నాలుగు వేళ్లు. పడమటి గోడకు వేసవిలోనూ నీళ్లు పోస్తున్నది పాదులే.

చెమ్మ గాలిదా, గోడ లోపలిదా తేల్చడానికి అడుగు చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలాం. నీటి చుక్కలు కాగితానికి గోడవైపు పట్టాయి. బయటి వైపు పట్టి ఉంటే గాలిలోని తేమ, కిటికీలు తెరిస్తే సరిపోయేది.

చెక్కకి స్క్రూడ్రైవరే పరీక్ష. మంచి టేకులో మొన గుచ్చితే గీత పడుతుంది. పుచ్చిన చోట అర అంగుళం దిగుతుంది. దూలాలు గోడలోకి దూరే చోటు, స్తంభం రాతి దిమ్మ మీద కూర్చునే చోటు, వాసం చూరు చివర, ఈ మూడూ గుచ్చకుండా చెక్క బాగుందని చెప్పకూడదు. తేమ మీటరు దొరికితే మంచిదే. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలకడగా ఉందంటే బూజు పుచ్చు మొదలైనట్టే.

వద్దనుకున్న పనులు

ఇంటివాళ్లు మూడు మార్గాలు అనుకున్నారు. మొదటిది మండువాను రోడ్డు మట్టానికి లేపేసి టైల్స్ వేయడం. అలా చేస్తే స్తంభాల రాతి దిమ్మలు పూడిపోయి చెక్క నేరుగా తడి మట్టిలో నిలబడుతుంది. పైగా గదుల నేలకీ మండువాకీ ఉన్న పదంగుళాల తేడా ఆరంగుళాలకు తగ్గి, పెద్ద వాన వస్తే నీరు గదుల్లోకే నడుస్తుంది. రెండోది జాకీలు పెట్టి ఇంటినే ఎత్తించడం. గోదావరి జిల్లాల్లో ఈ పని బాగా వాడుకలోకి వచ్చింది. సిమెంటు కట్టుబడికి, కాంక్రీటు బెల్టు ఉన్న పునాదికి అది పనికొస్తుంది. మట్టి అడుసు గోడకు కింద ఆధారం తీసి ఇనుప చట్రం దూర్చే లోపే ఇటుకలు జారతాయి. ఆ సాహసం ఈ ఇంటికి తగదు. మూడోది, ఇంటి చుట్టూ పేవర్ బ్లాకులు పరిచేయడం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ సిమెంటు పరుపు మీద వేసిన బ్లాకులు నేల ఊపిరి మూసి, ఆ చెమ్మను కూడా గోడకే తోస్తాయి.

పెరటి పని

ఫిబ్రవరిలో మొదలు. వెనక 60 అడుగులు, పడమర 48 అడుగులు, గోడ నుంచి ఆరడుగుల వెడల్పున మట్టి తీశారు. గోడ దగ్గర కొత్త మట్టం −8, ఆరడుగుల అవతల −11, అంటే మూడంగుళాల వాలు. ఏడు ట్రాక్టర్ల మట్టి వచ్చింది. గోడవారన పొక్లెయిన్ పెట్టలేదు. దాని బకెట్టు పళ్లకి పునాది ఇటుక ఒక్కటి తగిలినా అడుసు గోడ కదులుతుంది. పారా, గునపం, ఆరుగురు మనుషులు, తొమ్మిది రోజులు. ఒకేసారి గోడంతా తెరవకుండా పదడుగుల చొప్పున తీశారు, ఎందుకంటే ఏళ్లుగా మట్టి దన్నుతో నిలిచిన పునాది ఎక్కడ ఎంత బలంగా ఉందో ముందుగా తెలీదు. రెండు చోట్ల అడుసు కొట్టుకుపోయి ఇటుకల మధ్య వేలు దూరే సందులు కనిపించాయి. వాటిలో సున్నం, ఇటుక పొడి, ఇసుక కలిపిన గారను గట్టిగా కూరారు.

ఆరడుగుల అవతల పెరడు పాత ఎత్తులోనే ఉంది గనక, అక్కడ ఇటుకతో అడుగు వెడల్పు కాలువ కట్టి బోదె దాకా 70 అడుగులు తీసుకెళ్లారు. మొదట్లో అడుగు −12, బోదె దగ్గర −18. కాలువ అవతలి గట్టు జారకుండా నిమ్మగడ్డి నాటారు.

తూము పూర్తిగా కొత్తది. పాత నాలుగంగుళాల మట్టి గొట్టాల అతుకుల్లో నందివర్ధనం వేళ్లు జడలా అల్లుకున్నాయి. లెక్క ప్రకారం నాలుగంగుళాల గొట్టమే వాననీటికి సరిపోతుంది. అయినా 160 మిల్లీమీటర్ల పీవీసీ వేశాం, ఎందుకంటే పెంకుటింటి తూములో నీటితో పాటు ఆకులు, పెంకు ముక్కలు, కొబ్బరి పీచు, పిల్లల బంతి కూడా వస్తాయి. 40 అడుగుల పొడుగుకు ఆరంగుళాల వాలు: లోపల −4, బయట −10. రెండు చివరలా మనిషి చెయ్యి పట్టేంత గుంటలు కట్టి, మండువా వైపు ఇత్తడి జల్లెడ, దాని కింద తీసి కడిగే బుట్ట పెట్టారు. స్నానాల గది నీటిని దీనిలో కలపలేదు. అది విడిగా అరటి పాదుల్లోకి పోతుంది. సబ్బు జిడ్డు వాననీటి తూములో పేరుకుంటే ఆకులు దానికి అతుక్కుంటాయి.

ఇంకుడు గుంత తవ్విద్దామా అని ఇంట్లో అడిగారు. మెట్టప్రాంతంలో అది సరైన జవాబు. డెల్టాలో ఆగస్టు నాటికి గుంత అడుగునుంచే నిండి ఉంటుంది. నీటిని ఇంకించడం కాదు ఇక్కడ పని, సాగనంపడం.

వీధి వైపు రోడ్డును దించలేం. అరుగు ముందు తొమ్మిదంగుళాల ఇటుక కట్ట, దాని వెనక జాలీ మూత ఉన్న సన్న కాలువ కట్టి తూర్పు సందు గుండా వెనక్కి మళ్లించారు. గుమ్మం ఎదురుగా కట్టను నాపరాయి వంపుగా వేశారు, పెద్దావిడ కాలు తట్టుకోకుండా.

చెట్లలో ఒకటే పోయింది. గోడకు అయిదడుగుల్లో కప్పు మీదికి వాలిన కొబ్బరి. మొదట్లో ఎర్రటి జిగురు కారుతోంది, కాండం అడుగున గానోడెర్మా పుట్టగొడుగు కనిపించింది. పైనుంచి ముక్కలుగా కోసి తాళ్లతో దించారు. మొద్దు వదిలేస్తే చెదలకీ కొమ్ము పురుగుకీ కాపురం, తెగులు పక్క చెట్టుకి పాకే దారి కూడా. అందుకే వేళ్లతో సహా తవ్వి తీసి, పెరట్లో పోగు వేయకుండా కాల్చేశారు. గోడ దగ్గర మిగిలిన రెండు చెట్ల పాదులను అర్ధచంద్రాకారంగా, గోడకు అవతలి వైపు మాత్రమే చేశారు. ఎరువు కూడా అటే: కాపు చెట్టుకు ఏడాదికి యూరియా కేజీ, సింగిల్ సూపర్ ఫాస్ఫేటు 2 కేజీలు, పొటాష్ 2 కేజీలు, రెండు దఫాలుగా, పశువుల ఎరువుతో. నీరు గొట్టం వదిలేసే పద్ధతి మానేసి వేసవిలో రోజుకు చెట్టుకు 40–50 లీటర్ల డ్రిప్పు పెట్టారు. కాయల దింపు 45 రోజులకోసారి తప్పనిసరి చేశారు. ఎండి రాలే కాయ పెంకు మీద పడితే ఒక్క పెంకే పగులుతుంది, కానీ ఆ ఒక్కటి ఎవరికీ కనపడకుండా వాసాన్ని రెండేళ్లు తడుపుతుంది.

మామిడి కొమ్మలు కప్పు మీద ఆరడుగులు చాచాయి. కాయ దిగాక జూన్‌లో, మొత్తం గుబురులో నాలుగోవంతు మించకుండా, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే చోటికి ఆనించి కోసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు) రాశారు. మల్లె పందిరిని గోడకు మూడడుగుల దూరం జరిపారు. పడమటి గోడలో మొలిచిన రావి మొక్కను లాగలేదు. లాగితే పైది తెగి వేరు లోపలే ఉండి రెండు పిలకలు వేస్తుంది. చుట్టూ నాలుగు ఇటుకలు విప్పి వేరు చివరి దాకా తీసి, మళ్లీ కట్టారు.

చెదలకి మూలం గోడకు ఆనించిన కట్టెల పోగు, ఎండిన కొబ్బరి మట్టలు. అవి పోయాకే మందు. క్లోరిపైరిఫాస్ 20 ఈసీ ఒక వంతుకి 19 వంతుల నీరు కలిపి, అనుమతి ఉన్న పనివాళ్లతో పునాది వెంట పోయించారు. నుయ్యి పదిహేనడుగుల దూరంలో ఉన్న ఈశాన్యం వైపు చుక్క కూడా వేయలేదు. అటు రాతి గడప, ఏటా తనిఖీ, అంతే.

కప్పు

ఏప్రిల్, మే. సుమారు 3,800 చదరపు అడుగుల వాలుకు 5,300 పెంకులు. వీటిని మనం బెంగుళూరు పెంకులంటాం గానీ పుట్టిల్లు మంగుళూరు, బాసెల్ మిషన్ వాళ్లు 1865లో అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. పెంకు పొడిగా రెండున్నర కేజీలు. ఇంత కప్పు మీద 13 టన్నులు. పాత పెంకులు వానలో తమ బరువులో ఆరోవంతు నీరు తాగితే మరో రెండు టన్నులు. కప్పు వానాకాలంలోనే ఎందుకు కుంగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

దింపిన ప్రతి పెంకునూ వేలి కణుపుతో కొట్టి చూశారు. ఖంగుమంటే ఉంచడం, మొద్దుగా పలికితే పక్కన పెట్టడం. 4,200 నిలిచాయి. అసలు చిక్కు అక్కడ మొదలైంది. 1996 తర్వాత కలిపేసిన పెంకులు మూడు వేర్వేరు ఫ్యాక్టరీ ముద్రలవి. చూడ్డానికి ఒకటే, గాడి మాత్రం రెండు మూడు మిల్లీమీటర్లు తేడా. ఒకదానిలో ఒకటి పూర్తిగా కూర్చోవు. ఈదురుగాలికి వాన ఆ సందుల్లోంచే లోపలికి కొడుతుంది. అందుకని ముద్రల వారీగా వేరు చేసి, ఒక్కో వాలుకి ఒక్కటే రకం వేశారు. తక్కువైన 1,100 పడగొట్టిన ఇళ్ల నుంచి, అదే ముద్ర వెతికి తెచ్చారు. కొత్తవి చవక, కానీ పాత గాడికి సరిపడవు.

రీపర్ల (పెంకులు ఆనే అడ్డ చెక్కల) దూరం పుస్తకం చూసి పెట్టకూడదు. పదకొండు పెంకుల్ని నేల మీద ఒకదానికొకటి తగిలించి, మొదటి పెంకు కింది అంచు నుంచి పదకొండోదాని కింది అంచు దాకా, పూర్తిగా సాగదీసి ఒకసారి, పూర్తిగా దగ్గరికి నెట్టి ఒకసారి కొలవాలి. రెండింటి సగటును పదితో భాగిస్తే అదే దూరం. ఇక్కడ ఒక ముద్రకి పన్నెండున్నర అంగుళాలు, ఇంకోదానికి పన్నెండుంపావు వచ్చింది. పావంగుళమే కదా అనుకుంటే ఇరవై వరసలకి అయిదంగుళాలు, కొప్పు (కప్పు పై అంచు) దగ్గర పెంకు అందదు.

తాటి వాసాల్లో పదకొండింటికి చూరు చివర పుచ్చింది. తాటిలో బలమంతా బయటి నల్లటి చేవలోనే ఉంటుంది. లోపలి మెత్తని భాగం తడి తగిలితే ఆగదు. వాసం మొత్తం మార్చకుండా, పుచ్చిన రెండడుగులు కోసి, ఏటవాలు కోతతో టేకు ముక్క అతికారు. అయిదంగుళాల లోతున్న వాసానికి అతుకు పద్దెనిమిది అంగుళాలు, 12 మిల్లీమీటర్ల బోల్టులు మూడు. అతుకు గోడ మీద ఆనే చోటుకు లోపలి వైపు పడకూడదు, పడితే భారమంతా బోల్టుల మీదికే వస్తుంది.

కుంగిన నైరుతి మూలలో పాత జింకు రేకు జల్లెడైంది. ఇరవై నాలుగంగుళాల వెడల్పు జీఐ (జింకు పూత ఇనుప) రేకు, 24 గేజి వేశారు. పెంకుల అంచు రెండు పక్కలా కనీసం నాలుగంగుళాలు రేకు మీదికి రావాలి, మధ్యలో అయిదంగుళాలు ఖాళీగా నీటికి వదలాలి. ఆ ఖాళీ ఇరుకైతే ఆకు అడ్డుపడి నీరు పక్క పెంకు కిందికి దూరుతుంది. అల్యూమినియం రేకు వద్దన్నది పచ్చి సున్నం తగిలితే తినేస్తుంది కాబట్టి.

గోడలు

ఫిబ్రవరిలోనే సిమెంటు పూతంతా, దాని పైన పాత సున్నం పూతను చెమ్మ గీతకు అడుగున్నర పైదాకా చెక్కేశారు. సుత్తి దెబ్బ గోడకు నేరుగా పడకుండా ఉలిని వాల్చి, అంచు నుంచి పొరలుగా. తర్వాత ఏమీ చేయకుండా వదిలేశారు. ఇటుక గోడ అంగుళం మందం ఆరడానికి నెల పడుతుందన్నది పాత లెక్క. పద్దెనిమిది అంగుళాల గోడకు ఏడాదిన్నర. అంత ఆగలేకపోయినా ఒక వానాకాలం, ఒక వేసవి దాటాలి. ఇంటివాళ్లకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే, ఎందుకంటే ఇల్లంతా చర్మం ఒలిచినట్టు ఉంటుంది, వచ్చిన చుట్టమల్లా అడుగుతారు. ఈలోగా వారానికోసారి పొంగిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, చేటలోకి ఎత్తి బయట పారేశారు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

గదుల్లో టైల్స్ అన్నీ తీయడానికి ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. రాజీగా గోడవారన అడుగున్నర వెడల్పు పట్టీ తీసి, సున్నం దర్జులతో నాపరాళ్లు వేశారు. నేల కొంతైనా ఊపిరి పీల్చుకుంటుంది.

పూతకి గుల్ల సున్నం మూడు వారాలు నీటిలో నానబెట్టి, జల్లించి వాడారు. ఒక వంతు సున్నం, రెండు వంతుల గోదావరి ఇసుక, ఒక వంతు మెత్తటి ఇటుక పొడి. ఇటుక పొడి సున్నానికి తడిలోనూ గట్టిపడే గుణం ఇస్తుంది. కాలువ సముద్రంలో కలిసే చోటి ఇసుక, సముద్రపు ఇసుక తేరగా దొరుకుతుంది కానీ దానిలో ఉప్పు ఉంటుంది, ఇన్ని నెలలు దులిపిన ఉప్పును మళ్లీ మనమే పూసినట్టు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలపాలని పెద్ద మేస్త్రీ పట్టుబట్టారు. బెల్లం గారను సాఫీగా సాగనిస్తుంది, ఎక్కువైతే గట్టిపడడం ఆలస్యమవుతుంది, తక్కువ మోతాదులో ఒప్పుకున్నాం. మొదటి పొర 12 మిల్లీమీటర్లు, అది పచ్చిగా బిగిశాక 8 మిల్లీమీటర్లు. ఏడు రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. పైన సున్నం వెల్లే, ప్లాస్టిక్ ఎమల్షన్ కాదు.

తప్పులు

మూడు జరిగాయి. ఇంట్లో శుభకార్యం ఉందని మొదటి మే నెలలోనే వీధి గోడ పూసేశారు. వడగాలికి పూత ఒక్క పూటలో ఆరిపోయి సాలెగూడులా చిట్లింది. ఇరవై చదరపు అడుగులు చేత్తో ఊడొచ్చాయి. సున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని నెమ్మదిగా రాయి కావాలి, దానికి తడి కావాలి. గోడను ముందురోజు నుంచి తడపలేదు, గోనెలు కట్టలేదు. అది చెక్కేసి అన్ని గోడలతో పాటు మరుసటి ఏడాది మార్చి, ఏప్రిల్‌లో ఉదయం పూట మాత్రమే పూశారు.

రెండోది, నైరుతి మూల రేకు రెండు ముక్కల అతుకు నాలుగంగుళాలే పెట్టారు. జూన్ మొదటి వానకే కారింది. వాలు తక్కువున్న మూలలో అతుకు తొమ్మిదంగుళాలు ఉండాలి. పద్నాలుగు పెంకులు తీసి సరిచేశారు.

మూడోది లెక్కలోనే తప్పు, అది మాదే. బోదె మామూలు మట్టం చూసి వాలు పెట్టాం. అక్టోబరు వాయుగుండానికి పొలాలు మునిగి బోదె −2 దాకా లేచింది. నీరు గొట్టంలో వెనక్కి నడిచి మండువాలో తూము చుట్టూ రెండంగుళాలు నిలిచింది. బయటి గుంటలో నీరు బయటికి మాత్రమే తెరుచుకునే రెక్క మూత బిగించి, అది మూసుకున్నప్పుడు గుంటలోంచి తోడడానికి చిన్న సంపు మోటారు పెట్టారు. బోదె ఎంత పొంగుతుందో ఊళ్లో పెద్దవాళ్లని అడిగి, పాత వరద చారలు చూసి ఆ ఎత్తుకే పని చేయాలి. డెల్టాలో మామూలు మట్టం అన్నదానికి అర్థం లేదు.

కొలతలు

చెమ్మ గీతను పెన్సిలుతో తేదీ వేసి గుర్తించారు. మొదట 4 అడుగుల 7 అంగుళాలు. పెరడు దించిన తర్వాతి వానాకాలం చివర 3 అడుగుల 2 అంగుళాలు. రెండో వానాకాలం చివర, పూత పడ్డాక, 1 అడుగు 4 అంగుళాలు. ఈశాన్యం గోడ మాత్రం 2 అడుగుల దగ్గరే ఆగింది. అటు నుయ్యి ఉంది, బట్టలుతికే గచ్చు ఉంది. ఆ గచ్చును పది అడుగులు జరపమన్నాం. పెద్దావిడ వద్దన్నారు, ఇప్పుడున్న చోటైతే మామిడి నీడ ఉంటుందని. ఆ గోడ కింది రెండడుగుల పూత నాలుగైదేళ్లకోసారి రాలుతుంది, మళ్లీ పూసుకోవాలి. ఆ లెక్క చెప్పి ఒప్పుకున్నాం. పూత కోసం నానిన సున్నం రెండు కుండలు, నీరు ఆరకుండా మూతేసి, వంటింటి వెనక చూరు కింద ఉంచారు.

వెల్ల వేసేటప్పుడు పడమటి గది తలుపు వెనక అరచేయి వెడల్పు పట్టీ, నేల నుంచి అయిదడుగుల దాకా, వేయకుండా వదిలేశారు. తేదీలు వేసిన పెన్సిలు గీతలు అక్కడే ఉన్నాయి.